గాజుల కొట్లో తోటికోడళ్లు

మాచర్ల బస్టాండు నుంచి మార్కెట్టు వీధిలోకి తిరగ్గానే ఎడమ పక్కన ఇరుకైన గాజుల కొట్టు ఒకటి ఉంది. బోర్డు మీద జహీర్ పేరుంటుంది. ఆ పేరు చెప్పి అడిగితే దారి చూపించేవాళ్లు తక్కువ. గౌసియా కొట్టు ఎక్కడని అడిగితే మాత్రం టీ బండి దగ్గర నిలబడ్డవాళ్లు తలెత్తకుండానే చెయ్యి చూపిస్తారు. జహీర్ సరుకు తెస్తాడు, తిరునాళ్లకు వెళ్లి బండి మీద అమ్ముకొస్తాడు. కొట్లో కూర్చుని ఊళ్లో ఆడవాళ్ల చేతులకు గాజులు తొడిగేది అతని భార్య గౌసియా.

ఆమె గాజు తొడగడం చూడాల్సిన పనే. వచ్చిన మనిషి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, ఆ చేతి వంక చూడకుండా మొహంలోకి చూస్తూ మాట్లాడేది. "మీ మిరప చేను కోతకొచ్చిందా, కూలోళ్లు దొరికారా?" అని అడుగుతూనే బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చిటికెనవేలి కింద ఎముకను మెత్తగా నొక్కేది. అవతలి మనిషి కూలి రేట్ల గురించి చెప్పి ముగించేలోపు అర డజను గాజులు ముంజేతి మీద గలగలమనేవి. మిరపకాయలు కోసి కోసి రాయిలా తయారైన చేతులకు కూడా రెండు నాలుగు సైజు ఎక్కించేది. వేరే కొట్టువాళ్లయితే ఆ చేతికి అంతకంటే పెద్దది, రెండు ఆరు తప్ప పట్టదనేవాళ్లు. వదులు గాజులు ఎవరికి కావాలి? అందుకని గురజాల, రెంటచింతల వైపు నుంచి కూడా పెళ్లిళ్లకు ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. "నీ చెయ్యి మంచిదే గౌసియా" అని వాళ్లంటే ఆమె తల వంచుకుని నవ్వేది. ఆ మాట నిజమని ఆమెకు బాగా తెలుసు.

జహీర్ తమ్ముడు వసీం మోటారు సైకిళ్ల మెకానిక్. అతని భార్య మెహ్జబీన్‌ది నర్సరావుపేట. గౌసియా కంటే బాగా చిన్నది, చురుకైనది. రెండు కుటుంబాలదీ ఒకే ఇల్లు, ఒకే వంట. ఆ వంట మెహ్జబీన్ చేసేది. ఎవరూ కూర్చుని పంచుకోకపోయినా కొట్టు పెద్దకోడలిది, పొయ్యి చిన్నకోడలిది అన్నట్టు నడిచిపోయింది. మెహ్జబీన్ కొత్తలో ఒకసారి, "నేను కూడా వచ్చి చూడనా భాబీ?" అని అడిగింది. "చూడ్డానికి ఏముందమ్మా అక్కడ" అంది గౌసియా. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు.

కిందటేడు వేసవిలో గౌసియాకు పొట్ట ఉబ్బరం మొదలైంది. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. లంగా నాడా బిగుసుకుపోతోందని రోజూ కాస్త వదులు చేసుకుంటూ పోయింది. గ్యాసనుకుని మందుల షాపులో బిళ్లలు కొనుక్కుంది. పెళ్లిళ్ల సీజను పోయాక చూపించుకుందాంలే అనుకుంది. చివరికి మాచర్లలో స్కానింగు తీసిన డాక్టరు ఆమెతో ఏమీ అనకుండా జహీర్‌ని లోపలికి పిలిచాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక తేల్చి చెప్పారు. అండాశయంలో క్యాన్సరు. ముందు మూడు విడతలు కీమో, తర్వాత ఆపరేషను, ఆ పైన మరో మూడు విడతలు.

కూతురు నజీమా వినుకొండ నుంచి వచ్చి వారం ఉండి, ఏడ్చి, పిల్లల బడి ఉందని వెళ్లిపోయింది. గౌసియా ఏడవలేదు. "మరి కొట్టో?" అని అడిగింది.

"కొన్నాళ్లు మూసేద్దాం" అన్నాడు జహీర్.

"మూయడం ఎందుకు భాయ్? నేను కూచుంటా. వంట పొద్దున్నే చేసి పోతా" అంది వాకిట్లో నిలబడి వింటున్న మెహ్జబీన్.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో కనిపించిన వెలుగును జహీర్ గమనించలేదు. గౌసియా గమనించింది.

మొదటి కీమో ఎక్కించిన రెండు రోజులూ ఒంట్లో ఏ బాధా లేదు. ఇంతేనా అనుకుంది. ఆ మర్నాడు మొదలైంది, ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు. మంచం మీద ఎటు తిరిగినా ఎముకలే తగిలేవి. తర్వాత నోరు చెడింది. ఏం తిన్నా ఇనుప గరిటె నాకినట్టుండేది. మలబద్ధకం సంగతి మొగుడికి కూడా చెప్పుకోలేకపోయింది. జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే ఒకరోజు మెహ్జబీన్ కత్తెర తెచ్చి, మొత్తం కత్తిరించి పోగు చేసి తీసుకెళ్లింది. ఆ పని అంత నెమ్మదిగా చేసినందుకు కూడా గౌసియాకు కోపం వచ్చింది. కాస్త మోటుగా చేసి ఉంటే తిట్టడానికి వీలుండేది.

మెహ్జబీన్ పొద్దున్నే లేచి వండేది. స్టీలు చెంచాతో తింటే నోట్లో ఇనుము రుచి ఇంకా ఎక్కువవుతోందని కనిపెట్టి ప్లాస్టిక్ చెంచా పెట్టేది. పెరుగన్నంలో అల్లం తురిమి, నిమ్మకాయ పిండి, చల్లార్చి ఇచ్చేది. అది గొంతు దిగేది. "చూశావా, మెహ్జబీన్ చేతి అన్నమైతే తింటన్నావు" అని జహీర్ సంతోషపడేవాడు. గౌసియా చెంచా కింద పెట్టేసేది.

సాయంత్రం కొట్టు మూసి రాగానే మెహ్జబీన్‌ని మంచం పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ అడిగేది. ఎవరొచ్చారు, ఏ రంగులు పోయాయి, ఏమన్నారు? చెప్పకపోతే దాస్తోందనుకునేది. చెబితే వినలేకపోయేది.

"రెంటచింతల నుంచి పెళ్లోళ్లొచ్చారు భాబీ. పదిమందికి పైనే ఉన్నారు. అందరికీ నేనే తొడిగా."

"ఎన్ని చిట్లినై?"

"రెండే."

గౌసియా అటు తిరిగి పడుకుంది. మొదట్లో తన చేతిలో రోజుకు డజను చిట్లేవి. రెండే అంటే ఈ పిల్ల అబద్ధమన్నా చెబుతూ ఉండాలి, లేదంటే తనకంటే తొందరగానన్నా నేర్చుకుని ఉండాలి. రెండింటిలో ఏది నిజమైనా నిద్ర పట్టేలా లేదు.

విడతకూ విడతకూ మధ్య చివరి వారం కాస్త ఓపిక వచ్చేది. అలాంటి ఒకరోజు తలకు మెత్తటి నూలు గుడ్డ కట్టుకుని, పైన బురఖా వేసుకుని గౌసియా కొట్టుకు నడిచింది. గుమ్మంలోనే ఆగిపోయింది. సైజుల వారీగా తాను పేర్చుకున్న స్టాండ్లన్నీ ఇప్పుడు రంగుల వారీగా ఉన్నాయి. ఆకుపచ్చలన్నీ ఒక పక్క, ఎరుపులన్నీ ఒక పక్క. కొత్త సరుకు ఫొటోలు తీసి ఫోన్లో స్టేటస్ పెడుతోందట, అవి చూసి కాలేజీ పిల్లలు వస్తున్నారట. మెహ్జబీన్ ఒకమ్మాయి చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడిగి, దాని మీదుగా గాజు జారుస్తోంది.

"ఏందే ఇది? చేతికి కవరు తొడిగి గాజులెక్కిస్తావా? కూరగాయలు అమ్ముతున్నామా మనం?" అంది గౌసియా.

మెహ్జబీన్ మొహం ఎర్రబడింది. ఆ కాలేజీ అమ్మాయి మాత్రం చెయ్యి ఊపి చూసుకుంటూ, "అసలు నొప్పే తెలీలేదక్కా, భలే ఉంది" అంది. ఆ పిల్ల గౌసియాను ఎరగదు. గౌసియా ఎవరో తెలియని మనిషి గౌసియా కొట్లో కూర్చుని గాజులు వేయించుకుంటోంది. ఆమె కాసేపు స్టూలు మీద కూర్చుని, నీళ్లు తాగి, ఇంటికి వచ్చేసింది.

అప్పటికే వేళ్ల చివర తిమ్మిరి మొదలైంది. మొదట చలికి అనుకుంది. ఆపరేషను అయ్యాక మళ్లీ కీమో ఎక్కించేసరికి అది ముదిరింది. ఎవరివో మందపాటి మేజోళ్లు తన చేతులకు తొడిగినట్టుండేది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి అద్దం ముందు నిలబడాల్సి వచ్చేది. చేత్తో వెతికితే దొరక్క, కళ్లతో చూసి పట్టుకునేది. టీ గ్లాసు ఎంత వేడిగా ఉందో పెదవికి తగిలాక గానీ తెలిసేది కాదు. అరికాళ్ల కింద ఇసుక పరిచినట్టుండి, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియక ఇంకో నాలుగడుగులు వేసేది. పొద్దున పూట తలుపు వేసుకుని, ఒక గాజు తీసుకుని తన చేతికే తొడిగి చూసుకునేది. గాజు ఎక్కడ ఆగిందో వేళ్లు చెప్పేవి కావు.

గుంటూరులో కీమో వార్డు నర్సు పూర్ణిమ, సెలైన్ పెట్టే ముందు ప్రతిసారీ అడిగేది.

"వేళ్లకి తిమ్మిరి ఉందామ్మా? గుండీలు, హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా? పట్టుకున్న వస్తువులు జారిపోతున్నాయా?"

మంచం పక్కన జహీర్ నిలబడి ఉండేవాడు. గౌసియా అతని వంక ఒకసారి చూసి, "ఏం లేదు సిస్టర్. బాగానే ఉంది" అనేది.

వాంతుల గురించి చెప్పింది. నోటి పుళ్ల గురించి చెప్పింది. ఆడవాళ్ల సంగతులు కూడా నర్సు చెవిలో చెప్పింది. వేళ్ల సంగతి ఒక్కటే చెప్పలేదు. చెబితే జహీర్ వింటాడు. వింటే ఇంక కొట్లో కూర్చోనివ్వడు. ఆ స్టూలు మెహ్జబీన్‌ది అయిపోతుంది, కొన్నాళ్లకు కాదు, ఎప్పటికీ. చావు గురించి ఆమె ఎక్కువ ఆలోచించలేదు గానీ, తాను బతికుండగానే తన కస్టమర్లు మరో మనిషి ఒళ్లో చెయ్యి పెట్టి కబుర్లు చెబుతుంటారన్న ఊహ మాత్రం ఒక్క పూట కూడా వదిలేది కాదు.

రైల్వే స్టేషను వెనక ఉండే హనుమాయమ్మ వాళ్లది వ్యవసాయ కుటుంబం. ఆమె మొగుడు ఆంజనేయులు ఒకప్పుడు సర్పంచిగా చేశాడు. వాళ్లమ్మాయి శ్రీదివ్యకు చిన్నప్పటి నుంచి గాజులు గౌసియానే తొడిగింది. పెళ్లికూతుర్ని చేసినప్పుడూ ఆమే తొడిగింది. ఇప్పుడా పిల్లకు సీమంతం. పిలవడానికి హనుమాయమ్మ స్వయంగా ఇంటికి వచ్చింది. మంచం మీద ఉన్న గౌసియాను చూసి గుమ్మం దగ్గరే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎట్లయిపోయావే గౌసియా! నువ్వు పడుకో అమ్మా. మెహ్జబీన్‌ని పంపించు చాలు. ఆ పిల్ల చెయ్యి కూడా బాగుందంటన్నారు ఊళ్లో."

"నేనే వస్తా అత్తా" అంది గౌసియా లేచి కూర్చుంటూ.

"నీకెందుకే ఈ అవస్థ?"

"శ్రీదివ్యకు నేను గాక ఇంకెవరు తొడుగుతారు? నేనే వస్తా."

సీమంతం రోజు ఇద్దరూ కలిసి ఆటోలో వెళ్లారు. ఇల్లంతా ఆడవాళ్లు. పసుపుపచ్చ పట్టుచీరలో శ్రీదివ్య కుర్చీలో కూర్చుని ఉంది. గౌసియాను చూడగానే, "వచ్చావా అక్కా" అంటూ రెండు చేతులూ చాచింది. ఆ ఒక్క పిలుపుకు గౌసియాకు ఎన్ని నెలలుగానో లేని బలం వచ్చినట్టయింది. ఆ కుర్చీ ముందున్న పీట మీద కూర్చుంది. మెహ్జబీన్ పక్కన ఆకుపచ్చ గాజుల కట్టలు విప్పి అందించసాగింది.

మొదటి గాజు ఎక్కింది. రెండోది, మూడోది కూడా ఎక్కాయి. గౌసియా ఎప్పట్లా పిల్ల మొహంలోకి చూస్తూ మాట్లాడాలనుకుంది గానీ ఇప్పుడు చేతి మీద నుంచి చూపు తిప్పితే గాజు ఎక్కడుందో తెలియడం లేదు. తల వంచుకుని కళ్లతోనే తొడుగుతోంది. నెలలు నిండుతున్న పిల్ల చెయ్యి కాబట్టి నీరు పట్టి ఉంది. ఎముక దగ్గర గాజు ఆగింది. ఎంత నొక్కుతోందో తనకే అందక ఇంకాస్త నొక్కింది. టప్‌మని చిట్లింది. ఒక్క క్షణంలో శ్రీదివ్య మణికట్టు మీద, పసుపుపచ్చ చీర అంచు మీద రక్తపు చుక్కలు పడ్డాయి.

"అయ్యో అయ్యో, శుభమా అని చేసుకుంటుంటే రక్తమేందే!" ఎవరో ముసలామె అరిచింది.

హనుమాయమ్మ పరుగున వచ్చి కూతురి చెయ్యి లాక్కుంది. "చేతగానప్పుడు చెప్పొచ్చుగదే! వద్దంటే వినకపోతివి!"

శ్రీదివ్య చెయ్యి తుడిచి చూసుకుని, "నాకేం కాలేదమ్మా. నాకు తెగలేదసలు" అంది.

నిజంగానే ఆమె చేతి మీద గీత కూడా లేదు. రక్తం మాత్రం ఇంకా పడుతూనే ఉంది. అందరూ ఒకేసారి గౌసియా చేతి వంక చూశారు. ఆమె చూపుడువేలి చివర ఆకుపచ్చ గాజు పెంకు నిలువుగా దిగి ఉంది. అంత లోతుగా దిగినా ఆమె మొహంలో చిన్న మార్పు కూడా లేదు. వాళ్లందరూ చూస్తున్న చోటికే ఆమె కూడా చూసింది, ఆ వేలు ఇంకెవరిదో అయినట్టు.

మెహ్జబీన్ చేతిలోని గాజుల కట్ట కింద పెట్టి, పెంకు లాగేసి, తన చున్నీ కొసతో వేలు గట్టిగా చుట్టి, గౌసియాను లేపి గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత వెళ్లి పీట మీద తాను కూర్చుంది. అలవాటుగా సంచిలోంచి పాలిథిన్ కవరు తీసింది. ఒకసారి వెనక్కి తిరిగి గౌసియా వంక చూసి, కవరు మళ్లీ సంచిలో పెట్టేసి, వట్టి చేతులతోనే తొడగడం మొదలుపెట్టింది.

గౌసియా కుర్చీలోంచి చూస్తోంది. బొటనవేలు మడవడంలో తప్పుంది. మోచెయ్యి ఎత్తి పట్టుకోవాలి, పట్టుకోలేదు. ఒక్కటైనా చిట్లితే బాగుండునని ఆమె మనసారా కోరుకుంది. ఒక్కటి చిట్లితే చాలు, అది గర్భిణి చెయ్యి అని తెలిసినా సరే. మెహ్జబీన్ చాలాసేపు తీసుకుంది, చెమటలు పట్టాయి, కానీ ఒక్కటీ చిట్లలేదు. రెండు చేతులూ నిండాక ఆడవాళ్లు పాట అందుకున్నారు. గౌసియా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యో పాపం, నొప్పెడుతోందేమో అనుకుంది పక్కనున్నామె.

తిరిగి వచ్చేటప్పుడు రైలు గేటు వేసి ఉంటే ఆటో ఆగింది. అప్పుడు మెహ్జబీన్ అడిగింది.

"ఎప్పట్నుంచి భాబీ?"

"ఏంది?"

"వేళ్లు."

"ఆపరేషను ముందు నుంచే."

"నర్సమ్మ అడుగుద్దంట గదా ప్రతిసారీ. నువ్వు బాగుందన్నావని భాయ్ చెప్పాడే!"

"చెప్తే ఏమైద్ది? కొట్లో కూచోనీరు. నువ్వు కూచుంటావు. నీకు కావాల్సింది అదేగా!"

ఆటో నడిపే పీర్ సాహెబ్ అద్దంలోంచి చూసి చూపు తిప్పుకున్నాడు. మెహ్జబీన్ కాదంటుందనుకుంది గౌసియా. ఏడుస్తుందనుకుంది.

"అవును, కావాల్సిందే. అబద్ధం ఎందుకు చెప్పాలి? పెళ్లై వచ్చిన కాడ్నుంచి ఆ పొయ్యి కాడే ఉన్నా. ఒక్కనాడన్నా రావే, నేర్పిస్తా అన్నావా నువ్వు? నేనడిగితే ఏముందక్కడ చూడ్డానికన్నావు. ఇప్పుడు కూచున్నా. కూచుని ఏం లాభం? వచ్చిన ప్రతి ఆడమనిషీ చెయ్యి నా చేతిలో పెట్టి నీ గురించే మాట్లాడుద్ది. అక్క ఎట్లుంది, అక్క చెయ్యి ఎంత మెత్తనో, గాజు ఎక్కినట్టే తెలిసేది గాదు అని. పొద్దుగూకులూ ఇదే. నాకు ఒళ్లు మండిపోయిద్ది భాబీ. ఒకటి రెండుసార్లు కావాలనే గట్టిగా నొక్కా."

"కావాలనే నొక్కావా?"

"ఆఁ, నొక్కా."

"ఎవరికి?"

"ఆ బట్టల కొట్టామెకు. మరీ ఎక్కువ మాట్లాడింది నీ గురించి."

గౌసియాకు నవ్వు వచ్చింది. ఆపుకోబోతే కుట్లు వేసిన చోట పొట్ట పట్టేసింది. ఇన్నాళ్లూ తాను మంచం మీద పడి ఏ మంటలో కాలిందో, అదే మంటలో ఈ పిల్ల స్టూలు మీద కూర్చుని కాలిందన్నమాట. జాలి పడాల్సింది గానీ ఆమెకు అంత సంతోషం అనారోగ్యం మొదలయ్యాక ఎప్పుడూ కలగలేదు. గేటు తీశారు.

"భాయ్‌కి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. చెప్పకపోతే మాత్రం ఈసారి గుంటూరు నేనొస్తా" అంది మెహ్జబీన్.

ఇంటికెళ్లాక కూడా గౌసియా జహీర్‌కి చెప్పలేదు. మెహ్జబీన్ అన్నట్టే వెంట వచ్చింది. కీమో గదిలో పూర్ణిమ ఎప్పటి ప్రశ్నే అడిగింది. గౌసియా జహీర్ వంక చూడకుండా చేతులు రెండూ ముందుకు చాపింది.

"చానా రోజుల నుంచి తెలీడం లేదు సిస్టర్. మొన్న గాజు దిగినా తెలీలేదు."

పూర్ణిమ వేలి కట్టు విప్పి చూసి, సన్నగా కోప్పడింది. "మందు పడుతున్నప్పుడు రక్తంలో తెల్ల కణాలు తగ్గుతాయమ్మా. ఈ చిన్న గాయమే చీము పట్టి ప్రాణం మీదికి వచ్చేది. ఇన్నిసార్లు అడిగానే!" వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన ఆమెను కళ్లు మూసుకోమని, వేళ్ల మీద దూదితో, సూది మొనతో తాకి చూశాడు. ఎప్పుడు తాకాడో చాలాసార్లు ఆమె చెప్పలేకపోయింది. నరాల మీద పనిచేసే ఆ మందు మోతాదు తగ్గిస్తానన్నాడు.

"తగ్గిస్తే రోగం తిరగబడదా సార్?"

"తగ్గించినా పని చేస్తుంది. అవసరమైతే మార్చడానికి వేరే మందు ఉంది. మీరు చెప్పకుండా దాచుకుంటే మాత్రం ఈ తిమ్మిరి ఎప్పటికీ ఉండిపోవచ్చు. కొంత ఇప్పటికే ఉండిపోతుందేమో."

బయట వరండాలో జహీర్ స్తంభానికి ఆనుకున్నాడు. "నాక్కూడా చెప్పలేదే" అన్నాడు. భయపడి చెప్పలేదంటే అతను అర్థం చేసుకునేవాడే. అసూయతో చెప్పలేదని ఏ నోటితో చెప్పాలి? మెహ్జబీన్ మాత్రం ఏమీ తెలియనట్టు బత్తాయి రసం తేవడానికి వెళ్లింది.

మిగిలిన విడతలు ఆ తగ్గించిన మోతాదుతోనే నడిచాయి. పూర్ణిమ చెప్పిన జాగ్రత్తలు ఇంట్లో అందరికీ తెలిసిపోయాయి. స్నానం నీళ్లు చేత్తో కాదు, మోచేత్తో తాకి చూడాలి. ఇంట్లో కూడా వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. పొయ్యి దగ్గరికి పోతే మందపాటి గుడ్డ లేకుండా గిన్నె ముట్టుకోకూడదు. కత్తిపీట అసలు వద్దు. రోజూ పడుకునేముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, గాయాలేమన్నా ఉన్నాయేమోనని. వేళ్లకు స్పర్శ తిరిగి రావడానికి, పళ్లెంలో బియ్యం పోసుకుని అందులో కలిపిన పూసలను కళ్లు మూసుకుని ఏరడం ఒక పని. మొదట్లో ఆమె చేతికి బియ్యమే వచ్చేవి. విసుగొచ్చి ఒకసారి పళ్లెం విసిరేసింది. మెహ్జబీన్ పిల్లలు గది నిండా పాకుతూ పూసలు ఏరారు.

చలికాలం పోయాక తీసిన స్కానులో ఏమీ కనిపించలేదన్నారు. రక్తపరీక్షలో క్యాన్సరును చూపించే అంకె కూడా దిగింది. ప్రస్తుతానికి బాగుంది, మూడు నెలలకోసారి రావాలి అన్నారు. ఆ 'ప్రస్తుతానికి' అనే మాటను గౌసియా ఇంటిదాకా మోసుకొచ్చి ఎవరికీ చెప్పలేదు. జుట్టు మళ్లీ వచ్చింది, తెల్లగా, కుచ్చుగా. నోటి రుచి ముందుగా తిరిగొచ్చింది. మామిడికాయ పప్పు కారం నాలుక్కి తగిలిన రోజు ఆమె రెండోసారి పెట్టించుకుంది. ఎడమ చేతికి స్పర్శ చాలావరకు వచ్చింది. కుడి చేతి బొటనవేలికి కొంత వచ్చింది. చూపుడువేలి చివర ఇప్పటికీ మొద్దుగానే ఉంది.

ఇప్పుడు కొట్లో రెండు స్టూళ్లు ఉన్నాయి. చెయ్యి చూడగానే సైజు చెప్పేది, చీరకు ఏ రంగు నప్పుతుందో తేల్చేది గౌసియా. తొడిగేది మెహ్జబీన్. మోచెయ్యి ఎత్తి పట్టమని, బొటనవేలు ఇంకాస్త లోపలికి మడవమని గౌసియా ఒకరోజు అడక్కుండానే చెప్పింది. చెప్పాక రోజంతా ఎందుకు చెప్పానా అని కుమిలిపోయింది. పాత కస్టమర్లు కొందరు ఇప్పటికీ ఆమె ముందే చెయ్యి చాస్తారు. వట్టి మెత్తటి చేతులైతే ఆమే తొడుగుతుంది, కళ్లతో చూసుకుంటూ, నెమ్మదిగా. మిగతా చేతులు పక్క స్టూలు వైపు వెళుతుంటే లోపల ఏదో చురుక్కుమంటుంది. ఆ చురుకు పోతుందని ఆమె ఎదురుచూడ్డం మానేసింది. మంచం మీద ఉన్నప్పుడు అది మనిషిని తినేసింది. ఇప్పుడు మాత్రం పని చేసుకుంటూ ఉంటే అదీ పక్కనే కూర్చుని ఉంటుంది.

ఈ మధ్య పరీక్షలకు గుంటూరు వెళ్లినప్పుడు, సరుకు కూడా చూసుకు వద్దామని తోటికోడళ్లిద్దరూ కలిసి హోల్‌సేల్ కొట్టుకు వెళ్లారు. సరుకు ఎంచడం మొదటి నుంచీ గౌసియా, జహీర్‌ల పనే. మెహ్జబీన్ అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. గౌసియా తనకు నచ్చినవి పక్కన పెట్టించి, ముదురు ఎరుపులు, చిలకాకుపచ్చలు లెక్క చూసుకుంటోంది. మెహ్జబీన్ పై అరలోంచి ఒక పెట్టె దింపించింది. లేత వంకాయ రంగు మీద సన్నటి వెండి గీతలున్న గాజులు. వెలుతురుకు పెట్టి తిప్పింది. గౌసియా చూసింది. మంచి రకం. పెళ్లిళ్ల సీజనులో నిలవకుండా పోతుంది. తాను ఆ అర ముందు నుంచే రెండుసార్లు తిరిగింది, తన కంటికి ఆనలేదు.

"ఏంది భాబీ, బాగా లేవా?" అడిగింది మెహ్జబీన్.

బాగా లేవనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. గౌసియా ఒక గాజు తీసుకుని, స్పర్శ ఉన్న ఎడమ చేతి వేళ్లతో అంచు తడిమి చూసింది. గరుకు లేదు, నునుపుగా ఉంది.

"ఒక్క పెట్టె ఏం సరిపోయిద్దే? రెండు నాలుగు సైజులో ఇంకోటి తియ్యమను" అంది.